గింజల్లో క్యాన్సర్ మందు వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరుకీ విజయవాడకీ మధ్య ఒక కాలేజీలో మొక్కల రసాయనశాస్త్రం చెబుతాను. క్లాసులు లేని వేళల్లో ల్యాబ్‌లో గింజలు దంచుకుంటూ ఉంటాను. నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. కొన్ని, ప్రాజెక్టుకి గింజ వెతుక్కునే ఎమ్మెస్సీ, ఫార్మసీ పిల్లల నుంచి. మిగిలినవి, ఇంట్లో ఎవరికో జబ్బు బయటపడి, వాట్సాప్‌లో ఏదో గింజ గురించి చదివినవాళ్ల నుంచి. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. రెండో రకంవాళ్లకు వ్యవధి ఉండదు, వాళ్ల ప్రశ్నే ముందు.

మా నాన్నగారికి కీమో నడుస్తోంది. ఫలానా గింజల పొడి తేనెలో ఇస్తే మంచిదంటున్నారు. ఇవ్వమంటారా?

వద్దండీ. ఏ గింజ అని కూడా నేను అడగను, జవాబు మారదు కనుక. కీమో మందుల్లో చాలావాటిని కాలేయంలోని ఎంజైములు విరగ్గొట్టి బయటికి పంపుతాయి. అవి మామూలుగా పనిచేస్తాయన్న నమ్మకం మీదే డాక్టరు డోసు నిర్ణయిస్తారు. పొడిలో ఉన్నదేదో ఆ ఎంజైములకు అడ్డుపడితే మందు రక్తంలో పేరుకుపోతుంది. వాటిని ఉసిగొలిపితే మందు పని మొదలెట్టకముందే వెళ్లిపోతుంది. రెండూ నష్టమే, రెండూ పైకి కనబడవు. రిపోర్టులో అంకెలు ఎందుకు తారుమారయ్యాయో తెలియక డాక్టరు తల పట్టుకుంటారు.

ఇప్పటికే ఇచ్చి ఉంటే, తిడతారని దాచకండి. మిగిలిన పొట్లం పట్టుకెళ్లి చూపించండి.

మరి మీరెందుకు వాటిమీద పనిచేస్తున్నారు?

ఎవరికీ తినిపించడానికి కాదు. గింజలో కలగాపులగంగా ఉన్న వందలాది పదార్థాల్లో ఒక్కదాన్ని విడదీసి, దాని నిర్మాణం తేల్చి, అది కణంలో ఎక్కడ పట్టుకుంటుందో చూడటానికి. ఆ ఒక్కటీ ఎక్కువసార్లు మందు కాదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి 1982 దాకా లక్షకు పైగా మొక్కల సారాలను పరీక్షించింది. వాటిలోంచి ఇవాళ వార్డుల్లో అందరికీ తెలిసిన పేర్లయి మిగిలినవి ప్రధానంగా రెండు: పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో దొరికిన టాక్సాల్, ఒక చైనా చెట్టులో దొరికిన క్యాంప్టోథెసిన్ నుంచి పుట్టిన మందులు. రెండిటినీ పట్టుకున్నది ఒకే జోడీ, మన్రో వాల్, మన్‌సుఖ్ వాణి. వాణి మహారాష్ట్రలోని నందుర్‌బార్‌లో పుట్టినవాడు.

టాక్సాల్ కోసం బెరడు ఒలిచింది 1962లో. నిర్మాణం అచ్చయింది 1971లో. మందుగా అనుమతి వచ్చింది 1992లో. మా పిల్లల ప్రాజెక్టు గడువు ఆరు నెలలు.

ఆకులు, వేళ్లు ఉండగా గింజలే ఎందుకు?

తల్లిమొక్క గింజకి సద్ది కట్టి పంపుతుంది. నూనె, మాంసకృత్తులు, పిండి, అన్నీ అందులోనే. అంత తిండి ఒకచోట ఉంటే పురుగు, ఎలుక, బూజు ఊరుకోవు. అందుకని సద్దితో పాటు విషం కూడా కడుతుంది. ఆముదంలో రైసిన్, గురివిందలో ఏబ్రిన్, పత్తి గింజలో గాసిపాల్, వేప గింజలో అజాడిరాక్టిన్. ఎదిగే కణాన్ని ఆపగల పదార్థం కావాలంటే విషాల దగ్గరికే వెళ్లాలి.

ఇంకో కారణం పూర్తిగా వ్యవహారానికి సంబంధించింది. బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది, టాక్సాల్ తొలిరోజుల్లో పెద్ద గొడవ అదే. గింజలు ఏటా కాస్తాయి, ఎండబెడితే నిలవుంటాయి, చెట్టు క్షేమం.

అయితే ఏది ఎక్కడుందో చూడకుండా ఊహించకూడదు. మిరప ఘాటంతా గింజలో ఉందని మిర్చి యార్డు పక్కనే పుట్టిన మనమే అంటుంటాం. ఆ ఘాటు, అంటే కాప్సైసిన్, తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. గింజకు అది పక్కింటి వాసన లాంటిదే.

మన గుంటూరు వైపు గింజల్లో చెప్పుకోదగ్గది ఏదైనా ఉందా?

ఉంది, అందరూ చూసేదే. పత్తి గింజ.

మన పల్లెల్లో పత్తి గింజలు నానబెట్టి, రుబ్బి గేదెలకు పెట్టేవాళ్లు, పాలు చిక్కగా వస్తాయని. అదే గింజ కోళ్లకు ఎక్కువగా పెడితే దెబ్బతింటాయి. తేడా గాసిపాల్ దగ్గరుంది. గింజను కోసి చూస్తే లోపల నల్లటి చుక్కలు కనిపిస్తాయి, ఆ గ్రంథుల్లో ఉండే పసుపు రంగు పదార్థం అది. నెమరువేసే పశువుల పెద్ద పొట్టలో చాలావరకు కట్టుబడిపోతుంది, కోళ్లకు ఆ వసతి లేదు. పత్తి గింజల నూనెను శుద్ధి చేయకుండా వంటకు వాడకపోవడానికీ కారణం ఇదే.

చైనాలో కొన్ని పల్లెలు ముడి పత్తి నూనె వాడటం మొదలెట్టాక పిల్లలు పుట్టడం తగ్గిందని గమనించారు. 1970లలో ఎనిమిది వేలకు పైగా మగవాళ్లకు గాసిపాల్‌ను గర్భనిరోధక మాత్రగా ఇచ్చి చూశారు. బాగానే పనిచేసింది. కానీ కొందరికి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పడిపోయింది, కొందరికి మందు మానేసినా సంతాన సామర్థ్యం తిరిగి రాలేదు. అక్కడ ఆ కథ ఆగిపోయింది.

క్యాన్సర్ కథ తర్వాత మొదలైంది. పాడైన కణం తనంతట తాను చచ్చిపోయే ఏర్పాటు మన ఒంట్లో ఉంది. ఆ చావుకు అడ్డుగా నిలబడే ప్రోటీన్లలో బీసీఎల్-2 ఒకటి. కొన్ని క్యాన్సర్లు దీన్ని విపరీతంగా తయారుచేసుకుని బతికిపోతుంటాయి. గాసిపాల్ వెళ్లి సరిగ్గా ఆ ప్రోటీన్ గుంటలో కూర్చుంటుంది. అద్దంలో ప్రతిబింబంలా ఒకదానికొకటి తిరగబడి ఉండే దాని రెండు రూపాల్లో చురుకైనదాన్ని ఏటీ-101 అనే పేరుతో మనుషుల్లో పరీక్షించారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో డోసిటాక్సెల్ అనే కీమో మందుతో కలిపి ఇచ్చిన ప్రయోగంలో, అది తోడైనవాళ్లు తోడు కానివాళ్లకంటే ఎక్కువకాలం బతకలేదు. అనుమతి రాలేదు. లాం ఫారం మీదుగా వెళ్లే బస్సులో పత్తి చేలు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది: తాళం దొరికింది, చెవీ దొరికింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు.

గింజ నుంచి నిజంగా ఒక్క మందైనా వచ్చిందా?

వచ్చింది. రెండు ఉదాహరణలు చెబుతాను.

వన్‌టౌన్‌లోనో పట్నం బజారులోనో మూలికల కొట్టుకెళ్లి బావంచాలు అడగండి. నల్లగా, చిన్నగా, ఘాటైన వాసనతో ఉంటాయి. బొల్లికి మన వైద్యంలో ఎప్పటినుంచో వాడుతున్నారు. వీటిలో ఉండే సోరాలెన్‌కి ఆ పేరు ఈ మొక్క శాస్త్రీయ నామం సోరాలియా నుంచే వచ్చింది. ఈజిప్టులో ఇదే పనికి అమ్మి మాజస్ అనే మొక్క గింజలు వాడేవారు. వాటిలో దీని తోబుట్టువు మెథాక్సాలెన్ ఉంటుంది. ఇవి చీకట్లో పెద్దగా ఏమీ చేయవు. అతినీలలోహిత కాంతి పడితే మాత్రం డీఎన్ఏ రెండు పోగుల్ని కలిపి కుట్టేస్తాయి, ఆ కణం ఇక విభజన చెందలేదు. చర్మానికి వచ్చే ఒక రకం టీ-సెల్ లింఫోమాలో (తెల్లకణాల క్యాన్సర్‌లో) రోగి రక్తం బయటికి తీసి, తెల్లకణాలను వేరుచేసి, మెథాక్సాలెన్ ఉండగా వాటిమీద ఆ కాంతి పడనిచ్చి, తిరిగి ఒంట్లోకి పంపే చికిత్సకు 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇదే మందు, ఇదే కాంతి ఎక్కువకాలం చర్మంమీద వాడితే చర్మ క్యాన్సర్ వస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని నిర్ధారిత క్యాన్సర్ కారకాల జాబితాలోనూ పెట్టింది. అందుకే కొట్టులో కొన్న బావంచాలు రాసుకుని ఎండలో కూర్చోవద్దని చెబుతుంటాను.

రెండోది కుక్కల మందు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వాన అడవుల్లో బ్లష్‌వుడ్ అనే చెట్టు ఉంది. దాని గింజల్లోని టిగిలనాల్ టిగ్లేట్‌ను నేరుగా కంతిలోకి సూది వేస్తారు. కంతికి రక్తం తెచ్చే నాళాలు దెబ్బతిని కంతి కుళ్లి రాలిపోతుంది, కింద పుండు మానుతుంది. కుక్కలకు వచ్చే మాస్ట్ సెల్ కంతులకు 2020లో ఐరోపాలోనూ అమెరికాలోనూ దీనికి అనుమతి ఇచ్చారు. మనుషుల్లో పరీక్షలు మొదలయ్యాయి.

2022లో స్టాన్‌ఫర్డ్ రసాయనవేత్తలు ఈ పదార్థాన్ని ల్యాబ్‌లో తయారుచేశారు. దానికి ముడిసరుకు ఎక్కడిదనుకుంటున్నారు? మన నేపాళం గింజ. ఆ నూనెను దశాబ్దాలుగా ల్యాబుల్లో ఎలుకల చర్మంమీద కంతులు పెరిగేలా చేయడానికే వాడారు. ఒకే కుటుంబంలో ఒక అణువు కంతిని పెంచితే, కాస్త మార్పున్న ఇంకో అణువు కంతిని రాల్చేస్తోంది. "ఫలానా గింజ క్యాన్సర్‌కి మంచిది" అనే మాటకు అర్థం లేదని నేను అనేది ఇందుకే.

బిళ్ల గన్నేరు సంగతి?

అది ఆకు, మన పేజీ కాదు. అయినా చెబుతాను. కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు ఆ ఆకు చక్కెర జబ్బుకు పనిచేస్తుందేమో చూడబోయారు. చక్కెర తగ్గలేదు, ఎలుకల్లో తెల్లకణాలు తగ్గాయి. అలా ఆ ఆకు నుంచి రెండు క్యాన్సర్ మందులొచ్చాయి: 1958లో విన్‌బ్లాస్టిన్, 1963 నాటికి మందుల జాబితాలో విన్‌క్రిస్టిన్. పెరట్లో పూసిందని కషాయం కాచుకోకండి. ఆసుపత్రిలో విన్‌క్రిస్టిన్‌ను మిల్లీగ్రాములలో కొలిచి ఇస్తారు.

సీతాఫలం గింజలు క్యాన్సర్‌ను చంపుతాయట కదా?

ల్యాబ్‌లో కణాలు పెంచే గిన్నెలో చంపుతాయి, అదీ అద్భుతంగా. ఈ జాతి గింజల్లో అసిటోజెనిన్లు అనే పదార్థాలుంటాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో మొదటి మెట్టునే అవి మూసేస్తాయి. అతి తక్కువ మోతాదులో క్యాన్సర్ కణాలు చస్తాయి. పిల్లలు ఈ ఫలితం చూసి ఎగిరి గంతేస్తారు, నేనూ ఒకప్పుడు వేశాను.

చిక్కేమిటంటే మైటోకాండ్రియా అన్ని కణాల్లోనూ ఉంది, మెదడు కణాలకు దాని అవసరం మరీ ఎక్కువ. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో పార్కిన్సన్స్‌ను పోలిన ఒక విచిత్రమైన జబ్బు ఎక్కువగా కనబడుతోందని, ఈ జాతి పళ్లూ ఆకుల కషాయాలూ ఎక్కువగా తీసుకోవడంతో దానికి సంబంధం ఉన్నట్టుందని 1999లో వైద్యపత్రిక లాన్సెట్‌లో వచ్చింది. వందలకొద్దీ అసిటోజెనిన్లను విడదీశారు, ఒక్కటీ మందుగా అనుమతి పొందలేదు.

సీజన్‌లో సీతాఫలం తినడం మానక్కర్లేదు. గింజ ఉమ్మేస్తాం కదా. కానీ పేలు పోవడానికి గింజలు నూరి తలకు పట్టించే అలవాటుంటే మానండి. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. కంటి డాక్టర్లకు బాగా తెలిసిన సంగతి ఇది.

ఆముదం? గురివింద?

రెండిట్లోనూ ఉన్నవి ప్రోటీన్ విషాలు. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ను పాడుచేస్తాయి. వాటిని క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే యాంటీబాడీకి తగిలించి పంపాలని చాలా ఏళ్లు ప్రయత్నించారు. రక్తనాళాలు కారిపోవడం లాంటి దుష్ఫలితాలు అడ్డొచ్చాయి. గురివింద గింజ నోట్లో వేసుకున్న పిల్లాడిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇంట్లో చిట్కాలు వద్దు.

ఆముదం గింజ మాత్రం క్యాన్సర్ వార్డులోకి వేరే దారిలో ఎప్పుడో వచ్చేసింది. టాక్సాల్ నీళ్లలో కరగదు. దాన్ని కరిగించే ద్రావకాన్ని ఆముదం నుంచే తయారుచేస్తారు. కొందరికి సెలైన్ ఎక్కించేటప్పుడు ఒళ్లు ఎర్రబడటం, ఆయాసం రావడం చాలావరకు ఆ ద్రావకం వల్లే. ముందుగా స్టెరాయిడ్ ఇచ్చేది అందుకే. విషమైన రైసిన్ నూనెలో కరగదు, నూనె తీశాక మిగిలే చెక్కలో ఉండిపోతుంది.

"విటమిన్ బి17" అని ఆప్రికాట్ గింజలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు.

అది విటమిన్ కాదు. అమిగ్డాలిన్. పొట్టలో విరిగి సైనైడ్ ఇస్తుంది. 1982లో 178 మంది రోగులమీద చేసిన పరిశీలన ప్రచురించారు. ఎవరికీ నయం కాలేదు, కొందరి రక్తంలో సైనైడ్ ప్రమాదపు అంచుకు చేరింది. కొనకండి.

పసుపు?

దుగ్గిరాల యార్డు పక్కనే ఉండి పసుపును తక్కువ చేసి మాట్లాడటం నాకు ధైర్యమే. పసుపు కొమ్ము, గింజ కాదు. అందులోని కర్క్యుమిన్ ఏ పరీక్షలో పెట్టినా "పనిచేసింది" అనిపిస్తుంది. పరీక్షల్ని తప్పుదారి పట్టించే స్వభావం ఉన్న అణువు అది. అన్నింటికీ అవునన్న సాక్షిని కోర్టు నమ్మదు. కూరలో వేసుకోండి.

ఇక విద్యార్థులకు. గింజ ల్యాబ్‌కి వచ్చాక వరస ఏమిటి?

ముందు పేరు. "నేపాళం" అంటే కొన్ని ఊళ్లలో అడవి ఆముదం తెచ్చిస్తారు. "నల్ల జీలకర్ర" అంటే కలౌంజీ ఇచ్చే కొట్లున్నాయి, షాజీరా ఇచ్చే కొట్లున్నాయి. పూత, కాయ ఉన్న కొమ్మను కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి, వృక్షశాస్త్రం వాళ్లతో గుర్తింపు రాయించుకుని, ఆ నమూనాకు నంబరు వేయించాకే దంచడం మొదలెట్టాలి.

తర్వాత శుభ్రం. బూజు పట్టిన గింజలో అఫ్లాటాక్సిన్ ఉండొచ్చు, అదే ఒక కాలేయ క్యాన్సర్ కారకం. మీరు గింజను పరీక్షిస్తున్నామనుకుంటూ బూజును పరీక్షిస్తారు. మా దగ్గర ఇంతకంటే ఘనకార్యం జరిగింది. ఒక కుర్రాడు పత్తి గింజలు తెచ్చాడు. సారం దెబ్బకి కణాలన్నీ చచ్చాయి. రెండు రోజులు స్వీట్లు పంచుకున్నాం. మూడో రోజు సంచి అడుగున గులాబీ రంగు పొడి కనబడింది. విత్తడానికి అమ్మే ప్యాకెట్ తెచ్చాడు, పురుగుమందు పూతతో సహా. సంచి చూడకుండా సరేనన్నది నేనే కాబట్టి వాణ్ణి ఏమీ అనలేకపోయాను.

ఆ తర్వాత కొవ్వు తీయడం. గింజ పనికీ ఆకు పనికీ అసలు తేడా ఇక్కడే. ఆముదం గింజలో దాదాపు సగం బరువు నూనే. పొడిని సాక్స్‌లెట్‌లో (ద్రావకాన్ని మళ్లీ మళ్లీ పొడి గుండా పోనిచ్చే గాజు పరికరంలో) పెట్టి ముందు హెక్సేన్ అనే ద్రావకంతో నూనె లాగేయాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా మిథనాల్ పోస్తే వచ్చేది జిగురుముద్ద. అది కాలమ్‌లో, అంటే పదార్థాల్ని విడగొట్టే గాజు గొట్టంలో, సిలికా పొడిని కప్పేసి బొట్టు కూడా దిగదు. అలాగని హెక్సేన్ భాగాన్ని పారబోయకండి, కలౌంజీలోని థైమోక్వినోన్ లాంటివి నూనెతోనే వెళ్తాయి.

నూనె పోయాక ఇథైల్ అసిటేట్, మిథనాల్, చివర నీళ్లు. ప్రతి సారాన్నీ కణాలమీద చూసి, చంపినదాన్ని మాత్రమే కాలమ్‌లో విడగొట్టి, ఆ ముక్కల్ని మళ్లీ కణాలమీద చూసి, అలా ఒక్క పదార్థం చేతికొచ్చేదాకా. ఒక్కోసారి చివరికి చేతికి ఏమీ రాదు. ముడి సారంలో ఉన్న చురుకు విడగొట్టేకొద్దీ మాయమవుతుంది. నిర్మాణం తేల్చేది ఎన్ఎంఆర్, మాస్ యంత్రాలు. మన దగ్గర లేకపోతే డబ్బు కట్టి బయట చేయించుకోవాలి. బడ్జెట్‌లో ఆ ఖర్చు ముందే రాసుకోండి.

ఐసీ50 ఎంత వస్తే బాగున్నట్టు?

సగం కణాలు చావడానికి కావలసిన మోతాదు అది. ముడి సారమైతే మిల్లీలీటరుకు 20–30 మైక్రోగ్రాముల లోపు, శుద్ధ పదార్థమైతే 4 లోపు ఉంటే ముందుకెళ్లమనేది పాత అమెరికా కొలబద్ద. 500 దగ్గర పనిచేసిందని రాసిన వ్యాసాలు బోలెడు. లెక్క కట్టండి: మనిషి రక్తం 5 లీటర్లనుకుంటే ఒక్క వేళకు రెండున్నర గ్రాముల సారం మొత్తం రక్తంలో తేలుతూ ఉండాలి. ఆ మోతాదులో చాలా వంటింటి దినుసులు కూడా కణాల్ని చంపేస్తాయి.

క్యాన్సర్ కణాల పక్కన మామూలు కణాలు కూడా పెట్టి చూడండి. రెండూ ఒకే మోతాదుకి చస్తే మీ దగ్గరున్నది విషం, అంతే. సారాన్ని కరిగించే డీఎంఎస్ఓ మాత్రమే పోసిన గిన్నె, పేరున్న మందు పోసిన గిన్నె, రెండూ తప్పనిసరి. ఎంటీటీ పరీక్షలో బతికిన కణాలు పసుపు రంగును ఊదాగా మారుస్తాయి. కొన్ని సారాలు కణాలే లేకుండా ఆ పని చేసేస్తాయి. కణాలు లేని గిన్నెలో సారం ఒక్కటే పోసి చూడటం మరవకండి.

జీసీ-ఎంఎస్‌లో నలభై పదార్థాలొచ్చాయి. డాకింగ్ స్కోరు కూడా బాగుంది. పేపరు రాసేయొచ్చా?

జీసీ-ఎంఎస్ అంటే పదార్థాల్ని ఆవిరిచేసి విడదీసి గుర్తుపట్టే యంత్రం. ఆవిరయ్యేవి మాత్రమే దానికి కనబడతాయి, పేర్లు కంప్యూటర్ లైబ్రరీ ఊహించినవి. అణువు ప్రోటీన్ గుంటలో ఎంత బాగా ఇముడుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టే డాకింగ్ కూడా ఊహే. రాస్తే ఎవరో ఒకరు అచ్చేస్తారు. నన్ను సహరచయితగా మాత్రం పెట్టకండి.

అనుమతులు ఏమైనా కావాలా?

అడవి నుంచి సేకరిస్తే అటవీశాఖ అనుమతి కావాలి. జంతువులమీద ప్రయోగమైతే కాలేజీ ఎథిక్స్ కమిటీ. నమూనాను విదేశానికి పంపాలన్నా, పేటెంట్ తీసుకోవాలన్నా 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉంది, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గరికి వెళ్లాలి. క్యాన్సర్ నయం చేస్తానని ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. ఇది విద్యార్థులకంటే కరపత్రాలు పంచేవాళ్లకు తెలియాలి.

మా ఊళ్లో ఒక పెద్దాయన కంతులకు ఒక గింజ ఇస్తారు. మీకు పంపమంటారా?

పంపండి. పొడి పంపితే పని జరగదు. చెట్టు కొమ్మ పూతతో, కాయతో కావాలి, గింజలు అరకిలో నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో, ప్లాస్టిక్ కవరులో వద్దు. ఊరి పేరు, కోసిన తేదీ, పెద్దాయన దాన్ని ఏమని పిలుస్తారో, ఎంత ఇస్తారో, ఎవరికి ఇవ్వనంటారో చీటీ మీద రాయండి. ఆ చివరిదే నేను ముందు చదువుతాను. ముందుగా ఆయన్ని అడిగి, ఆయన సరేనంటేనే పంపండి.